కుంకుడు పిట్ట: ఒకటి

ఫాల్గుణం మొదటి సోమవారం పొద్దున సాయిలు సైకిల్ బెల్లు గుడ్డు పెడుతుంది.

సాయిలు వేపపుల్ల నములుతూ వాకిట్లోకి వచ్చేసరికి బెల్లు మూత పక్కకు ఒరిగి ఉంది. లోపల గుడ్డు. కుంకుడుకాయ రంగు. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా వెచ్చగా ఉంది. బెల్లు కన్నా గుడ్డే పెద్దది. అందులో ఎలా పట్టిందని సాయిలు అడగడు. ఒకరి కాన్పు గురించి అంత వివరంగా అడగడం మర్యాద కాదు.

మీట ఒకసారి నొక్కి చూస్తాడు. బెల్లు మోగదు. బాలింతను నిద్ర లేపబోయినట్టు అతనికే సిగ్గేస్తుంది. చెయ్యి వెనక్కి తీసుకుంటాడు.

గుడ్డు ఎవరిదో సాయిలుకు తెలుసు. తెలుసు కాబట్టే ఎవరికీ చూపించడు. ఎర్ర రుమాలు తలకు చుట్టుకుంటూ, రెండో చుట్టుకూ మూడో చుట్టుకూ మధ్య దాన్ని కూర్చోబెడతాడు. సైకిల్ స్టాండు తీసి, ఎక్కకుండా, నడిపించుకుంటూ మంజీర ఏటి ఒడ్డుకు బయలుదేరుతాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. తుంగలపల్లిలో సాయిలు పరాచికం తగలని గడప లేదు. ఒకసారి ఊరి బస్సు ముందు అద్దానికి 'ఈ బస్సు పెండ్లికి పోతున్నది' అని కాగితం అంటించాడు. ఆ రోజు బస్సెక్కిన ఆడవాళ్లంతా ఎవరి పెండ్లో అడక్కుండా పూలు పెట్టుకుని ఎక్కారు. డ్రైవరు కూడా నుదుట బొట్టు పెట్టుకున్నాడు. సాయంత్రానికి ఎక్కడో ఒకచోట భోంచేసే వచ్చారు. అలాంటి మనిషి.

నిరుడు ఇదే సోమవారం ఏటి ఒడ్డున పిట్టల లెక్క జరిగింది. ఏటా చలి తగ్గే వేళ, ఉత్తరాది బాతులు తిరుగు ప్రయాణం కట్టే ముందు, కల్వర్టు నుంచి పుట్టి రేవుదాకా నడిచి, కనిపించిన పిట్టనల్లా పుస్తకంలో రాస్తారు. సాయిలు మేనకోడలు స్వరూపకు ఆ పని కొత్త. ఏటి కాపలా మనిషిగా ఖాకీ చొక్కా వేసుకుని అప్పటికి నెల. పిల్లను ఉడికిద్దామని సాయిలు బెల్లు ఊడదీసి తుంగలో దాక్కున్నాడు. టింగ్ టింగ్ ట్ర్ర్ర్.

స్వరూప నడుస్తున్నదల్లా ఆగిపోయింది. సాయిలు చుట్టూ తిరిగి వచ్చి, ఏమీ ఎరగనట్టు పక్కన నిలబడ్డాడు.

"ష్, మామా. ఇదేం పిట్ట?"

నవ్వు ఆపుకోవడానికి మీసం కొరుక్కుంటూ సాయిలు చెప్పాడు. "కుంకుడు పిట్ట. కండ్లు కుంకుడు గింజల లెక్క మెరుస్తయ్. వెనకకే నడుస్తది. మనిషిని జూస్తే తుంగల దాసుకుంటది."

ఆమె నీలం సిరాతో రాసింది. కుంకుడు పిట్ట: ఒకటి. కింద ఆ గుర్తులన్నీ రాసి సంతకం పెట్టింది.

చాయ్ తాగేటప్పుడు చెబుదామనుకున్నాడు. చాయ్ దుకాణంలో ఆ పిల్ల ముఖం వెలిగిపోతూ పిట్ట గురించి అందరికీ చెబుతూ ఉంది. రాత్రి భోజనం దగ్గర చెబుదామనుకున్నాడు. మర్నాడు చెబుదామనుకున్నాడు. ఆ మర్నాడు వానాకాలంలోకి జారింది, వానాకాలం చలికాలంలోకి జారింది. ఒక మాట ఏడాదిపాటు నోట్లోనే ఉండిపోతే దానికి పెంకు కడుతుంది. ఈ పొద్దున అది బెల్లులోంచి బయటికొచ్చింది. అంతే.

కల్వర్టు దగ్గర స్వరూప పుస్తకం చంకన పెట్టుకుని నిలబడి ఉంది. ఒడ్డు పొడుగునా మోదుగ చెట్లు ఒక్క ఆకు లేకుండా పూశాయి. పొద్దు ఇంకా పొడవలేదు గాని వాటి వెలుగు సరిపోతుంది. వల సర్దుకుంటున్న జాలరి ఒకడు మోదుగ కొమ్మ వంచి బీడీ ముట్టించుకుని, కొమ్మను జాగ్రత్తగా వదులుతాడు.

"ఏం మామా, ఇయ్యాల రుమాలు గింత పెద్దగ జుట్టినవ్? మల్ల పెండ్లా?"

"మీ అత్త ఒప్పుకుంది బిడ్డా. పిల్లను సూసుడు నీ వంతు."

"సూస్త గని, కండ్లు కనబడని పిల్ల దొరకాలె గద."

ఆమె నవ్వుతుంది. సాయిలు కూడా నవ్వుతాడు. రుమాలులో గుడ్డు కొంచెం కదులుతుంది.

"రవూఫ్ సారు వస్తున్నడు," అంటుంది స్వరూప. "పట్నం నుంచి. నా పిట్టను సూడనీకె. ఇయ్యాల అది కనబడితే నా నౌకరి పక్కా అయితది మామా."

"కనబడకుంటే?"

"కనబడకుండ ఎట్ల పోతది? నువ్వు గూడ ఉంటివి గద."

రవూఫ్ సారు బస్సులో రాడు. ఆయనకు పాత దుర్బీను ఒకటి ఉంది. దాంతో దేన్ని చూస్తే అది దగ్గరికి వస్తుంది, తిరగేసి చూస్తే తప్ప వచ్చింది మళ్లీ వెనక్కి పోదు. పొద్దున్నే పట్నంలో మేడ మీద నిలబడి ఆయన కల్వర్టును చూశాడు. కల్వర్టు ఆయన కాళ్ల దగ్గరికి వచ్చింది. ఆయన మేడ మీంచి ఒక్క అడుగు వేసి దాని మీదికి దిగుతాడు. తెల్లగడ్డం, నలిగిన కోటు, మెడలో ఉన్ని మఫ్లరు.

"సలాం స్వరూపమ్మా. ఎక్కడమ్మా నీ కుంకుడు పిట్ట? నలభై ఏండ్ల సంది పిట్టలను జూస్తున్న. వెనకకు నడిచేదాన్ని ఒక్కదాన్ని సూడలె."

"ముందున్నది సార్. తుంగల."

"ఈయన ఎవరు?"

"మా మేనమామ సాయిలు సార్. నిరుడు ఈయన గూడ విన్నడు."

రవూఫ్ సారు సాయిలు కళ్లలోకి చూస్తాడు. దుర్బీను లేకుండానే చాలా దగ్గరికి వచ్చినట్టు ఉంటుంది. "విన్నవా సాయిలూ?"

చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. సాయిలు నోరు తెరుస్తాడు. "విన్న సారూ. వినుడేంది, అది నాకు దండం గూడ పెట్టింది."

దారి పక్కన రాయి ఉంది. దాని మీద 'పుట్టి రేవు 2 కి.మీ.' అని ఉంటుంది. సాయిలు చూస్తూ ఉండగానే రెండు మూడవుతుంది. ఏరు ఎదురుగా ఒక కొత్త వంపు తిరుగుతుంది. ఆ వంపులో అప్పటికే కొన్ని కొంగలు నిలబడి ఉన్నాయి.

"నిరుడు గింత దూరం లేకుండె," అంటుంది స్వరూప, చెప్పు సర్దుకుంటూ.

ముగ్గురూ నడుస్తారు.

ఎర్రకాళ్ల కొంగలు వరసలో వచ్చి, ఒక్కొక్కటీ మెడ వంచి పేరు చెప్పి, పక్కకు తప్పుకుంటాయి. స్వరూప రాసుకుంటుంది. ఒక ముసలి కొంగ రెండోసారి వరసలో నిలబడుతుంది. సాయిలు దాన్ని చూసి కన్ను కొడతాడు. అదీ కొడుతుంది.

నీటికాకులు రెక్కలు విప్పి కరెంటు తీగ మీద ఆరేసుకుని, కింద రాళ్ల మీద బనీన్లతో కూర్చున్నాయి. రెక్కలు లెక్కపెట్టాలా, కాకుల్ని లెక్కపెట్టాలా అని స్వరూప ఒక క్షణం ఆలోచిస్తుంది. రెక్కలు లెక్కపెట్టి సగం చేస్తుంది. ఒక రెక్క మిగులుతుంది. "అది నాది," అంటాడు తీగ కింద పడుకున్న జాలరి.

ఒక గూడబాతు నీళ్లలోంచి గట్టెక్కి, ముక్కు కింది సంచీ తెరిచి చూపిస్తుంది. సంచీలో చిన్న ఏరు పారుతూ ఉంది. దాని ఒడ్డున ఇంకో చిన్న గూడబాతు ఉంది. దాన్ని కూడా రాయమంటుంది.

"రాయం," అంటాడు రవూఫ్ సారు మెత్తగా. "లోపలున్నవాటిని రాయం తల్లీ. సంచిల ఉన్నయి, గుడ్డుల ఉన్నయి లెక్కకు రావు. బయటికొచ్చినంకనే."

సాయిలు రుమాలు మీద చెయ్యి వేసుకుంటాడు. గుడ్డు చూపించి బయటపడదామని దారిలో ఒకటి రెండుసార్లు అనుకున్నాడు. ఆ దారి మూసుకుపోయింది.

ఆకాశంలో తీతువు ఒకటి అరుస్తూ తిరుగుతుంది. రవూఫ్ సారు తల ఎత్తి, టోపీ తీసి, మళ్లీ పెట్టుకుంటాడు. "రూల్సు రాసింది అదే," అంటాడు. "నేను మీ లెక్కనే నౌకరిదారును."

"ఏం రూల్సు సారూ?" అంటాడు సాయిలు.

"రాసిన పిట్ట మల్ల ఏడాదికి కనబడాలె. కనబడకుంటే పిట్టను కొట్టేస్తం. పిట్టను కొట్టేస్తే, దాన్ని విని సంతకం పెట్టిన మనిషిని గూడ కొట్టెయ్యాలె. లేని పిట్టను విన్న మనిషి ఎట్ల ఉంటది? లెక్క కుదరదు."

"మనిషిని కొట్టేసుడంటే?"

"పుస్తకంల నుంచి."

"పుస్తకంల నుంచే గద."

"అవు," అంటాడు రవూఫ్ సారు. "మొదలు పుస్తకంల నుంచి."

సాయిలు వెనక్కి తిరిగి చూస్తాడు. ఇసుకలో మూడు వరసల అడుగులు ఉన్నాయి. తనవి వెడల్పుగా, పక్కన సైకిల్ గీత. సారువి బూటు అడుగులు. స్వరూపవి మాత్రం మడమలు లేకుండా ఉన్నాయి. ముందు భాగం, వేళ్లు, అంతే. మడమ ఉండాల్సిన చోట ఇసుక మీద గాలి కూడా తగలనట్టు నునుపుగా ఉంది.

"కాళ్లు నొస్తున్నయా బిడ్డా?"

"లేదు మామా. పొద్దుగాల సంది మస్తు తేలిగ్గున్నది. సంకల పుస్తకం లేకుంటే ఎగిరిపోదును."

ఇప్పుడైనా చెప్పాలి. సాయిలు గొంతు సవరించుకుంటాడు. సారు ఆగుతాడు. స్వరూప ఆగుతుంది. వరసలో ఉన్న కొంగలు కూడా ఆగుతాయి. ఇంతమంది ఒకేసారి తన వైపు చూస్తే సాయిలుకు చిన్నప్పటి నుంచీ ఒకటే వస్తుంది. పరాచికం.

"సారూ, కుంకుడు పిట్ట సోమవారం ఒక్కపొద్దుంటది. అందుకే బయటికొస్తలేదు."

ఎవరూ నవ్వరు. ఇంకో రాయి వస్తుంది. 'పుట్టి రేవు 7 కి.మీ.' ఏరు ఎడమకు తిరిగి, కుడికి తిరిగి, ఒకచోట తన వెనకే తను వచ్చి నిలబడుతుంది. సూర్యుడు తాటిచెట్ల మీదికి జానెడు ఎత్తు లేచి అక్కడే ఆగాడు. లెక్క తేలేదాకా పైకి రావద్దని తీతువు చెప్పినట్టు ఉంది.

మరో వంపు తిరిగేసరికి ఉత్తరాది బాతులు కనిపిస్తాయి. నెత్తి మీద రెండేసి నల్లగీతలు ఉన్న పెద్దబాతులు. ఒడ్డు పొడుగునా నిలబడి ఉన్నాయి. మూటలు కట్టేసుకున్నాయి. రెక్కలు సగం విప్పి అలాగే పట్టుకున్నాయి, బస్సు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డవాళ్లలా. అన్నిటికన్నా పెద్దది సారు దగ్గరికి వస్తుంది.

"ఇంక ఎంతసేపు?" అంటుంది. "మా దగ్గర మంచు కరుగుతున్నది. మా గుడ్లు మేమే పెట్టుకోవాలె. ఎవరి బెల్లూ పెట్టదు."

సాయిలు దాని వైపు చూడడు.

"ఒక్క పిట్ట తక్కువున్నది," అంటాడు సారు. "అది తేలితే మీరు పోవచ్చు."

బాతు తలూపి వెళ్లి వరసలో నిలబడుతుంది. వేల రెక్కలు సగం విప్పుకుని ఉన్నాయి. ఒక్క ఈక కదలదు. ఆ నిశ్శబ్దంలో సాయిలుకు తన తల మీద టక్కుమని ఒక చప్పుడు వినిపిస్తుంది. గుడ్డు లోపలి నుంచి ఎవరో తలుపు కొట్టినట్టు.

నిరుటి తుంగ అక్కడే ఉంది. ముళ్లకంపా, వంగిన రాయీ, అన్నీ అలాగే ఉన్నాయి. సాయిలు దాక్కున్నచోట తుంగ ఇప్పటికీ మనిషి ఆకారంలో పక్కకు ఒరిగి ఉంది. ఏడాదిగా ఆ ఆకారం కూర్చునే ఉన్నట్టుంది, కొంచెం అలిసింది.

రవూఫ్ సారు తుంగలోకి దుర్బీను పెట్టి చూస్తాడు. తుంగ దగ్గరికి వస్తుంది. అవతలి ఒడ్డు దగ్గరికి వస్తుంది. అవతలి ఒడ్డు వెనకాల ఉన్న చెరుకు తోట, దాని వెనకాల గుట్ట, గుట్ట మీద మేకలు, అన్నీ వచ్చి వాళ్ల చుట్టూ నిలబడతాయి. ఒక మేక స్వరూప పుస్తకం వాసన చూస్తుంది. కుంకుడు పిట్ట మాత్రం లేదు.

"లేదమ్మా," అంటాడు సారు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. పుస్తకం అడుగుతాడు.

స్వరూప నిరుటి పేజీ తీస్తుంది. సంతకం 'స్వరూ' అని ఉంది. సారు కలం మూత తీసేసరికి 'స్వ' అయింది. సాయిలు ఆమె కాళ్ల వైపు చూస్తాడు. ఇసుకలో వేళ్ల గుర్తులు కూడా లేవు. ఆమె నిలబడి ఉంది, ఇసుకకు ఆ సంగతి తెలియదు.

"నేను విన్న సార్," అంటుంది ఆమె. "నా చెవులతోని విన్న." చివరి మాట సగంలో గాలి అయిపోతుంది. ఆమె తిరిగి సాయిలును పిలుస్తుంది.

"మా."

సాయిలు రెండో సగం కోసం ఎదురు చూస్తాడు. అది రాదు. ఆ పిల్ల మాటలు నేర్చిన రోజు నుంచీ, ఎత్తుకుంటే, ఏడిపిస్తే, జడ లాగి పారిపోతే, ఆ పిలుపు ఏనాడూ సగం రాలేదు.

సైకిల్ చేతిలోంచి జారి ఇసుకలో పడుతుంది.

"నేనే సారూ," అంటాడు సాయిలు. "పిట్ట లేదు. ఏం లేదు. నేనే తుంగల గూసోని సైకిల్ బెల్లు కొట్టిన. పేరు నేనే పెట్టిన. కండ్లు, నడక, అన్ని నేనే కల్పించిన. పిల్లకేం ఎరుక లేదు. కొట్టేస్తే నన్ను కొట్టెయ్యుండ్రి."

మాట బయటికి వచ్చిన చోట నోరు ఖాళీగా, చల్లగా ఉంది. పన్ను పీకించుకున్న తర్వాత నాలుక పెట్టి చూసినట్టు అతను ఆ ఖాళీని చూసుకుంటాడు. హాయిగానే ఉంది.

రవూఫ్ సారు కలం పట్టుకునే ఉన్నాడు. "నిరుడు పిట్టంటివి. ఇయ్యాల బెల్లంటివి. రెండిట్ల ఏది మజాక్ సాయిలూ? ఊర్లె నీ సంగతి కల్వర్టు నాకు చెప్పింది. బస్సు ముచ్చట గూడ చెప్పింది."

"ఇదొక్కటి మజాక్ కాదు సారూ. మీ కాళ్లు మొక్కుత."

"అయితే కొట్టు ఆ బెల్లు."

సాయిలు వంగి మీట నొక్కుతాడు. మోగదు. మళ్లీ నొక్కుతాడు. బాలింత బెల్లు చలనం లేకుండా ఉంది. పేజీలో 'స్వ' కింది ఒత్తు సన్నబడుతుంది. సాయిలు నోరు తెరుస్తాడు. చెప్పాల్సింది అయిపోయింది. ఖాళీ అయిన ఆ చోటులోంచి, ఎవరూ మీట నొక్కకుండానే, వస్తుంది.

టింగ్ టింగ్ ట్ర్ర్ర్.

మేకలు తల ఎత్తుతాయి. బాతులు మెడలు తిప్పుతాయి. సాయిలు రెండు చేతులతో నోరు మూసుకుంటాడు. వేళ్ల సందుల్లోంచి ఇంకోసారి మోగుతుంది. అందరూ చూస్తున్నారు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి అతనికి పరాచికం రాదు, సిగ్గు వస్తుంది. ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇంకో అడుగు. వెనక్కి వెనక్కి నడుస్తూ తుంగలోకి వెళ్లి, తన ఆకారంలో ఒరిగిన చోటే గొంతుక్కూర్చుంటాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుంగ సందుల్లోంచి ఆ రెండు కళ్లు నల్లగా, తడిగా కనిపిస్తాయి.

రవూఫ్ సారు దుర్బీను ఎత్తుతాడు. చాలాసేపు చూస్తాడు.

"స్వరూపమ్మా," అంటాడు, గొంతు తగ్గించి. "చప్పుడు చెయ్యకు. నిరుడు నువ్వు ఏం రాసినవ్?"

"మా మామ చెప్పినట్టు రాసిన సార్. కండ్లు కుంకుడు గింజల లెక్క మెరుస్తయ్."

"మెరుస్తున్నయ్."

"వెనకకే నడుస్తది."

"నడిచింది. నా కండ్లతోని జూసిన."

"మనిషిని జూస్తే తుంగల దాసుకుంటది."

"దాసుకున్నది. టింగ్ అన్నది. ఒక్కటే ఉన్నది." ఆయన కలం మూత పెట్టేసి జేబులో పెట్టుకుంటాడు. "చప్పుడు చేసిందే పిట్ట. లెక్కల అంతే. నువ్వు ఒక్కటి విన్నవ్, ఒక్కటి రాసినవ్. తప్పేమున్నది?"

ఈ ఏటి పేజీలో స్వరూప నీలం సిరాతో రాస్తుంది. కుంకుడు పిట్ట: ఒకటి. సారు పక్కన చిన్న అక్షరాలతో కలుపుతాడు: మీసం ఉన్నది.

సంతకం 'స్వ' నుంచి 'స్వరూప' దాకా ఒక్కసారిగా నిండుతుంది. ఇసుకలో ఆమె కాళ్ల కింద మడమలు దిగబడతాయి. ఆ తర్వాత వెనక్కి, వంపు వంపునా, కల్వర్టు దాకా, పొద్దుటి నుంచి పడని అడుగులన్నీ వరసగా పడతాయి. చప్పుడు వానలా దగ్గర నుంచి దూరానికి పోతుంది. ఏరు తన మీదుగా తను దిగి, చేతులు చాపుకుని తిన్నగా పడుకుంటుంది. రాయి మీద రెండు కిలోమీటర్లు. సూర్యుడు తాటిచెట్లు వదిలి పైకి వస్తాడు.

బాతులన్నీ ఒకేసారి లేస్తాయి. ఆ గాలికి మోదుగ పూలు రాలవు గాని ఒకసారి ఎర్రగా రాజుకుంటాయి. పెద్దబాతు తుంగ మీదుగా వెళ్తూ, "సంతోషం," అంటుంది. మూటల్లోంచి రెండు మూడు శెనగలు రాలతాయి.

రవూఫ్ సారు దుర్బీను తిరగేసి పట్టుకుంటాడు. గుట్టనూ మేకలనూ చెరుకు తోటనూ అవతలి ఒడ్డునూ ఒక్కొక్కటిగా వాటి చోటికి పంపిస్తాడు. పుస్తకం వాసన చూసిన మేక మాత్రం ఉంటానంటుంది. సరేనంటాడు. తర్వాత దుర్బీను తిప్పి పట్నం వైపు చూస్తాడు. మేడ వస్తుంది. "ఖుదా హాఫిజ్, స్వరూపమ్మా. నీ నౌకరికి ఫికరు లేదు. నీ పిట్టను మంచిగ జూసుకో," అని మేడ మెట్టు ఎక్కుతాడు.

తుంగలో సాయిలు కదలకుండా కూర్చున్నాడు. స్వరూప వచ్చి అతని ఎదురుగా గొంతుక్కూర్చుంటుంది.

"మామా," అంటుంది. మొత్తం.

సాయిలు ఊపిరి వదులుతాడు. "తిట్టు బిడ్డా. మీ అమ్మ తిట్టే తిట్లు గూడ కలిపి తిట్టు."

"నిరుడు చాయ్ దుకాణం కాడ నీ మీసానికి తుంగ పువ్వు అంటుకోని ఉండె."

సాయిలు మీసం తడుముకుంటాడు. "అంటే నీకు..."

"అప్పటికే సిరాతోని రాసిన. రాసినోళ్లు కొట్టేసే రూలు లేదు. ఇంక ఏం జేస్త? నువ్వే చెప్తవని ఆగిన."

"ఏడాదంత ఆగినవా?"

"పిట్టలను జూసుడంటే గదే గద మామా. కదలకుండ కూసుంటే, అదే బయటికొస్తది."

సాయిలు నవ్వబోతాడు. నవ్వు బదులు టింగ్ అని వస్తుంది. స్వరూప ముందు పెదవులు బిగిస్తుంది, తర్వాత కడుపు పట్టుకుంటుంది, తర్వాత ఇసుకలో కూలబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతుంది. అతను ఎంత టింగ్ అంటే ఆమె అంత నవ్వుతుంది. ఏటికి కూడా నవ్వు పొలమారి, ఒక అల గట్టు మీదికి దగ్గుతుంది.

"గా రుమాలుల ఏమున్నదో ఇప్పుడన్న చెప్పు," అంటుంది చివరికి. "ఇందాకటి సంది నీ తలకాయ లోపల ఎవరో తలుపు కొడుతున్నరు."

సాయిలు రుమాలు విప్పుతాడు. ఇసుకలో దాన్ని గుండ్రంగా చుట్టి గూడులా పేర్చి, మధ్యలో గుడ్డు పెట్టి, దాని మీద జాగ్రత్తగా కూర్చుంటాడు. పెంకు మీద సన్నటి గీత పడింది.

"చల్లారనియ్యకు," అంటుంది స్వరూప. "నేను ఇంటికి పోయి రొట్టె, తొక్కు తెస్త. కదిలినవో సూడు."

ఆమె లేచి ఊరి వైపు బయలుదేరుతుంది. మేక వెంట వెళ్తుంది. నాలుగడుగులు వేసి స్వరూప ఆగుతుంది. ఈ మామను చూడకుండా వదిలేస్తే మళ్లీ ఏం చేస్తాడో అని, అతని వైపు తిరిగి, వెనక్కి నడవడం మొదలుపెడుతుంది. మేక కూడా అలాగే నడుస్తుంది. ఒడ్డు వెంట ఇద్దరూ చిన్నగా అవుతున్నారు, ముఖాలు మాత్రం ఇటే ఉన్నాయి.

సాయిలు కింద గుడ్డు పగులుతుంది. మొదట తోక వస్తుంది. తర్వాత వీపు, ఎర్రటి భుజాలు, చివరికి తల. కుంకుడు గింజల్లాంటి రెండు కళ్లు. అది లేచి నిలబడి, సాయిలును తేరిపార చూసి, వెనక్కి ఒక అడుగు వేస్తుంది. లెక్క పుస్తకం మూసేశారు. ఇక దీన్ని వచ్చే ఏడే రాయాలి. ఆ సంగతి తెలిసినట్టు తాపీగా, గట్టు దిగి, నీళ్ల మీదికి నడుస్తుంది. ఎంత దూరం పోతున్నా అతని వైపే చూస్తుంది.

సాయిలు టింగ్ అంటాడు. అవతలి తుంగలోంచి ఒక బెల్లు పలుకుతుంది. దాని వెనకాల ఇంకోటి. ఏటి పొడుగునా, ఎప్పుడో ఎవరో చెప్పకుండా దాచుకున్న మాటలన్నీ బెల్లులై ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి.

అటు స్వరూప, ఇటు పిట్ట. ఇద్దరూ దూరమవుతున్నారు, వెనక్కి నడిచిన ఇద్దరి అడుగులూ అతని వైపే వస్తున్నాయి. ఇసుకలో ఆమె అడుగులు. నీళ్ల మీద పిట్ట అడుగులు, నీలం సిరాలా చెదరకుండా. అవి గట్టెక్కి, ఆమె అడుగులతో కలిసి, ఒకదాని వెనక ఒకటి తుంగలోకి వస్తాయి. ఎర్ర రుమాలు అంచున ఆగి, కాళ్లు తుడుచుకుని, లోపలికి రావచ్చా అన్నట్టు ఒక్కొక్కటిగా మోగుతాయి.